పసుపు ఎర్రబడిన మంగళవారం

పదీ పదికి సామేలు యూనివర్సిటీ ప్రదర్శన హాల్లో అడుగు పెట్టేసరికి ఇన్‌స్పెక్టర్ కొండలరావు కుర్చీ వేయించుకుని నిమ్మకాయ సోడా తాగుతున్నాడు. అతని కాళ్ళ దగ్గర, బేడీలు వేసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, నైట్ వాచ్‌మన్ సమ్మయ్య గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఇద్దరికీ ఎదురుగా తెల్లగుడ్డ పరిచిన చెక్క దిమ్మె. దిమ్మె మీద ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడమే కేసు.

“రావయ్యా రైలు డిటెక్టివూ,” అన్నాడు కొండలరావు గ్లాసు దించకుండానే. “టికెట్ లేనివాళ్ళెవరూ లేరిక్కడ. దారి తప్పావేమో.”

“టికెట్ లేకుంట పోయింది బొమ్మనే గద సార్. గందుకే వచ్చిన.”

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వబోయి, ఇన్‌స్పెక్టర్ మొహం చూసి ఆ నవ్వును దగ్గు చేసుకున్నాడు.

సామేలు లాలాగూడలో రైల్వే పోలీసుగా పదకొండేళ్ళు చేసినవాడు. పైఅధికారి మీద ఉన్నది ఉన్నట్టు రిపోర్టు రాసి, ఆ నెలలోనే కొలువు పోగొట్టుకుని, తార్నాకలో సైకిల్ షాపు మీది గదికి తన పేరు బోర్డు తగిలించుకున్నాడు. మాట మెదక్ పల్లెది. చూపు పశువుల సంతలో బేరగాడిది. ఎద్దు పళ్ళు చూసే ముందు అమ్మేవాడి కళ్ళు చూస్తాడు.

నిన్న సాయంత్రం ఆ గది మెట్లెక్కి వచ్చింది పద్మావతి. యూనివర్సిటీలో పురావస్తు శాఖ రీడర్. స్పెయిన్ దేశంలో ఒక గుట్ట మీద, రెండువేల మూడువందల ఏళ్ళ కింద ఒక గుడి ఉండేదట. మొక్కు తీరినవాళ్ళు తమ రూపాన్నే రాతిలో చెక్కించి ఆ గుడిలో నిలబెట్టి పోయేవారట. మనిషి ఇంటికి పోయినా మొక్కినవాడి బొమ్మ దేవుడి ముందే ఉండాలని. అట్లాంటి బొమ్మలు ఏడింటిని రెండేళ్ళు ఉత్తరాలు రాసి రాసి, ఈ అరవై ఎనిమిది జూలైలో ప్రదర్శనకు తెప్పించింది ఆమె. వాటిలో అన్నిటికన్నా పేరున్నది, రెండు చేతుల్లో గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి. మూరన్నర ఎత్తు. అదే మాయమైంది. సోమవారం స్పెయిన్ నుంచి అధికారి వచ్చి బొమ్మలన్నీ పెట్టెల్లో సర్దుకుని పోవాలి.

“సమ్మయ్య దొంగ కాదు. నాకు తెలుసు. ఎట్లన్న విడిపించండి,” అన్నది పద్మావతి. ఆమె అడిగింది బొమ్మను కాదు, మనిషిని. సామేలుకు అది నచ్చింది. నచ్చినా ఒక పక్కన రాసిపెట్టుకున్నాడు.

“మూడు గంటలకి వీణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెడుతున్నా,” అన్నాడు కొండలరావు. “నీ పరిశోధనేదో ఈలోపల చేసుకో. దేన్నీ ముట్టుకోకు.”

“జర మాట్లాడొచ్చా ఈయనతోని?”

“మాట్లాడు. నిన్నటినుంచీ మేం మాట్లాడుతున్నాం. వీడే మాట్లాడట్లేదు.”

మాట్లాడిన గుర్తులు సమ్మయ్య చెంపల మీద ఉన్నాయి. సామేలు అతని ముందు గొంతుక్కూర్చున్నాడు.

“సమ్మన్నా, బుధవారం రాత్రి ఈ హాలుకు తాళం ఎవరేసిన్రు?”

“నేనే.”

“ఎన్ని గంటలకు?”

“తొమ్మిది కొట్టినంక.”

“అప్పుడు బొమ్మ ఉన్నదా?”

ఒక గుక్క ఆలస్యం. “ఉన్నది.”

“పొద్దుగాల?”

“ఐదున్నరకు తీసి చూస్తె లేదు. నేనే పోయి ఫోన్ చేయించిన.”

“తాళం పగిలిందా?”

“లేదు.”

“నడుమల జర కన్నంటుకున్నదా?”

“లేదు. నిద్రవోలే.”

కావలివాడికి ‘నిద్రపోయాను’ అన్నదే అన్నిటికన్నా సులువైన అబద్ధం. ఉద్యోగం పోతుందేమో గానీ జైలు తప్పుతుంది. ఇతను ఆ అబద్ధం కూడా ఆడటం లేదు.

“గీ వేళ్ళకేమైంది?”

సమ్మయ్య వేళ్ళు ముడుచుకున్నాడు. “ఏం గాలే.”

“నేను చెప్తా,” అన్నాడు కొండలరావు లేచి. “ఎత్తేటప్పుడు రాతి అంచు గీసుకుంది. రక్తం కారింది. ఎక్కడ కారింది? ఇక్కడ.” చేతికర్రతో దిమ్మె మీది తెల్లగుడ్డను చూపించాడు. “మూడు చుక్కలు. తాళంచెవులు రెండు. ఒకటి వీడి దగ్గర, ఒకటి పద్మావతిగారి దగ్గర. తాళం పగల్లేదు. వేళ్ళు పగిలాయి. ఇంకేం కావాలయ్యా?”

సామేలు చేతులు వెనక్కి కట్టుకుని గుడ్డ మీదికి వంగాడు. అర్ధరూపాయంత చుక్కలు మూడు. దిమ్మె ముందు అంచున, బొమ్మ కాళ్ళు ఉండే చోట.

“సార్, ఈ రక్తం ఎన్నడు పడ్డది?”

“బుధవారం రాత్రి. ఇంకెప్పుడు?”

“ఇయ్యాల శుక్రవారం. కోడిని కోసిన బండ రెండో దినం ఏ రంగుంటది?”

కొండలరావు కూడా గుడ్డ మీదికి వంగాడు.

“నల్లగయితది. అంచులు చిట్లుతది. గిది చూడుండ్రి, పెండ్లిపిల్ల కాళ్ళ పారాణి తీరుగ మెరుస్తున్నది.”

“ల్యాబుకి పంపుతున్నా. వాళ్ళు చెబుతారు.”

“ల్యాబు వారం చెప్తది. సమ్మన్నను మీరు మూడింటికే తీస్కపోతరు.” అంటూనే సామేలు ఇన్‌స్పెక్టర్ గ్లాసులో అడుగున ఉన్న నిమ్మచెక్కను రెండు వేళ్ళతో తీశాడు.

“ఏయ్! అది నా సోడా!”

“చెక్కనే సార్. సోడా మీకే ఉంచిన.”

అందరికన్నా చివరనున్న చుక్క మీద చెక్క పిండాడు. రెండు బొట్లు రాలాయి. ఎరుపు ఒక్క క్షణం అట్లాగే ఉండి, నడుమ నుంచి కరిగినట్టై, తంగేడు పువ్వు రంగుకు తిరిగింది. మిగతా రెండు చుక్కలు ఎర్రగానే ఉన్నాయి.

“అమ్మో, పసుపు!” అన్నాడు కానిస్టేబుల్, ఎవరూ అడగకుండానే.

“పసుపే,” అన్నాడు సామేలు. “దిష్టి తీసే నీళ్ళు ఎట్ల కలుపుతరు? పసుపుల ఇంత సున్నం వేస్తె ఎర్రగయితది. పులుపు తగిలితె మళ్ళ పసుపయితది. రక్తం మీద బస్తెడు నిమ్మకాయలు పిండినా పచ్చగ కాదు.”

కొండలరావు ఆ పచ్చ మచ్చను చూసి, సామేలును చూశాడు. “చర్చికెళ్ళే మనిషివి. దిష్టి నీళ్ళ సంగతి నీకెలా తెలుసయ్యా?”

“మా నాయనమ్మ బాప్తిస్మం తీసుకున్నది గని దిష్టి తీసుడు బంజేయలే సార్.”

ఈసారి కానిస్టేబుల్ దగ్గు ఆపుకోలేకపోయాడు.

“సరే. పసుపు,” అన్నాడు కొండలరావు. “ఉత్త పసుపు కాదు, సున్నం తగిలిన పసుపు. రెండూ ఈ దిమ్మె మీదికెలా వచ్చాయి?”

“పసుపు సంగతి చీపురు పట్టిన మనిషిని అడుగుదాం. హాలు తెరవకముందే లోపలికొచ్చేది ఆమె ఒక్కతే గద.”

రాములవ్వ వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. అడిక్‌మెట్ నుంచి తెల్లవారకముందే నడిచివచ్చి ఈ హాలూ వరండా ఊడ్చి పోతుంది. తలుపు దగ్గరే ఆగి, ముందు సమ్మయ్య బేడీలు చూసి, తర్వాత గుడ్డ మీది మచ్చలు చూసింది. మచ్చలు చూడగానే కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

“కొంగుల ముడేంది అవ్వా?” అడిగాడు సామేలు.

“ఏం లేదు బిడ్డా. వక్క.”

“వక్క పచ్చగుంటదా?”

ముడి విప్పనక్కర్లేకపోయింది. కొంగు చివర పసుపు మరక పోలీసులకు కూడా కనబడుతూనే ఉంది. రాములవ్వ అక్కడే నేల మీద కూలబడింది.

“నా కొలువు తీసేస్తరు బిడ్డా. ముట్టొద్దని బోర్డు పెట్టిన్రు. నాకు సదువు రాదు గని ముట్టొద్దని రాసిందని ఎర్కే.”

“కొలువు సంగతి నేను చూస్త. సమ్మన్న జైలుకు పోతున్నడు. నువ్వే గద నిన్న రెండుపూటలు ఠాణాకు బువ్వ మోసింది?”

ఆమె తల ఊపింది.

“మరి చెప్పు. బొమ్మకు పసుపు ఎందుకు పూసినవ్? దేవత అనుకున్నవా?”

ఆ మాటకు రాములవ్వ మొహంలో భయం పోయి చిన్న చిరాకు వచ్చింది. “దేవతెందుకైతది? దేవతైతే రెండు చేతులతోని ముంత ఎందుకు పట్టుకుంటది? అడిగేదాని చెయ్యి వేరే ఉంటది, ఇచ్చేదాని చెయ్యి వేరే ఉంటది. ఈమె బోనం తెచ్చినామె. ఏ ఊరిదో, ఏ మొక్కో, ఇంత దూరమొచ్చి నిలబడ్డది. బోనం తెచ్చినామె కాళ్ళకు పసుపు పెట్టకుంట పక్కకెంచి ఊడ్చిపోతమా?”

పద్మావతి అరగంట పట్టి చెప్పిన సంగతిని ఈమె చీపురు పట్టుకుని తనంత తానే కనిపెట్టింది. సామేలుకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

“ఎన్నడెన్నడు పూసినవ్?”

“మంగళవారం, శుక్రవారం. ఊడ్చినంక కాళ్ళకు ఇంత రాసి, దండం పెట్టి, ఎవరు రాకముందే తడిబట్టతోని తుడిచేది.”

“పోయిన శుక్రవారం?”

“పచ్చగనే ఉన్నది. తుడిచిన, పోయింది.”

“మొన్న మంగళవారం?”

రాములవ్వ గొంతు తగ్గింది. “రాస్తినో లేదో, కాళ్ళు ఎర్రగయినయి. నా చేతికున్న పసుపు పచ్చగనే ఉన్నది, ఆమె కాళ్ళే ఎర్రగయినయి. తుడిస్తె ఎర్రనీళ్ళు కారినయి గుడ్డ మీద. ఆ తల్లికి కోపమొచ్చిందనుకున్న. మళ్ళ ముట్టలే. మూడోనాడే మాయమాయె.”

సామేలు దిమ్మె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడ్డాడు.

“సార్, రాయి రాయే. దాని మీద పసుపు శుక్రవారం పచ్చగుండి మంగళవారం ఎర్రబడదు. మంగళవారం ఇక్కడ నిలబడ్డది శుక్రవారం బొమ్మ కాదు. సున్నంతోని చేసిన నకలు. పచ్చి సున్నం, రెండుమూడు దినాలది. అంటే బుధవారం రాత్రి పోయింది నకలు. అసలుది అంతకుముందే మారింది. శుక్రవారం పొద్దుగాలకు, మంగళవారం పొద్దుగాలకు నడుమ.”

కొండలరావు సోడా గ్లాసు కిటికీలో పెట్టాడు. అతను మొరటువాడే గానీ మొద్దు కాదు. “డ్యూటీ రిజిస్టర్ తెప్పించండి.”

రిజిస్టర్ వచ్చింది. శుక్రవారం, శనివారం హాలు నిండా స్కూలు పిల్లలు. శనివారం సాయంత్రం ఆరుకు మూశారు. ఆదివారం, సోమవారం హాలు సెలవు. ఆ రెండు రోజులే సమ్మయ్య కూడా సెలవు పెట్టాడు. అతని తాళంచెవి ఆఫీసు బీరువాలో ఉన్నట్టు క్లర్కు సంతకం ఉంది.

“చూడుండ్రి సార్. బొమ్మ మారిన దినాల్ల ఈయన చేతుల తాళంచెవి లేదు. బేడీలు తీయించుండ్రి.”

కొండలరావు రిజిస్టర్ మూయలేదు. ఆ రెండు గడుల మీద వేలు పెట్టి, తల ఎత్తకుండా అడిగాడు. “లీవులో ఎక్కడున్నావురా?”

“ఊర్ల సార్.”

“ఏ ఊరు?”

“జనగామ దగ్గర.”

“మంచిది. వైర్‌లెస్‌లో అడుగుతా. రెండ్రోజులూ ఊళ్ళోనే ఉన్నాడని మీ ఊరి పోలీస్ పటేలు చెబితే నేనే బేడీలు తీసి ఇంటిదాకా దింపుతా. ఉండకపోతే,” రిజిస్టర్ చప్పుడయ్యేలా మూశాడు, “డిటెక్టివుగారు చాలా ఉపకారం చేసినట్టే. బుధవారం సంగతి అడుగుతూ కూర్చున్నా నేను. అడగాల్సింది ఆదివారం సంగతి.”

సమ్మయ్య మొహం బూడిదై పోయింది. సామేలు చూపు అతని వేళ్ళ మీదికి పోయింది. ఈసారి అతను ముడుచుకోవడం మరిచాడు. అది రాయి గీసిన గాయం కాదు. గోళ్ళ చుట్టూ తోలు తెల్లగా ఉబ్బి, పొరలు పొరలుగా లేచి, సందుల్లో ఎర్రగా పగిలి ఉంది. ఇల్లు కట్టేచోట కూలీల చేతులు సామేలు ఎన్నో చూశాడు. సున్నం తిన్న వేళ్ళవి.

ఉచ్చు విప్పబోయి తన చేత్తోనే బిగించాడు. ఆ వేళ్ళ సంగతి కొండలరావుకు ఇంకా తెలియదు. తెలియడానికి ఎంతోసేపు పట్టదు.

వరండాలో రాములవ్వను పట్టుకుని మెల్లగా అడిగాడు. “అవ్వా, మంగళవారం ఎర్రబడ్డ ముచ్చట ఎవరికన్న చెప్పినవా?”

“మేడంకే చెప్పిన. ఇంకెవలకు చెప్త?”

“ఏమన్నది?”

“ఎవరికి చెప్పకు అన్నది. మేడం మొహం సున్నం కొట్టినట్టాయె పాపం.”

పన్నెండున్నరకు సామేలు తార్నాకలో పద్మావతి ఇంటి ముందు సైకిల్ స్టాండు వేశాడు. తలుపు తీసింది ఆమే. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“విడిచిపెట్టిన్రా?” అదే మొదటి మాట.

“లేదు. ఇంకింత గట్టిగ పట్టిన్రు. నా తెలివే కారణం.” సామేలు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి కూర్చోకుండానే అడిగాడు. “మేడం, నిన్న మీరు ‘సమ్మయ్య దొంగ కాదు, నాకు తెలుసు’ అన్నరు. నమ్ముతున్న అనలే. తెలుసు అన్నరు. తెలిసింది చెప్పుండ్రి. టైం లేదు.”

ఆమె ఏదో అనబోయింది.

“రాములవ్వ మంగళవారం చెప్పింది మీకే. బొమ్మ మారిన రెండు దినాలు బయట ఉన్న తాళంచెవి మీదే. సమ్మన్న వేళ్ళు సున్నం తిన్నయి.”

పద్మావతి కుర్చీ అంచున కూర్చుంది. ఏడవలేదు. క్లాసులో పాఠం చెప్పినట్టు వరుసగా చెప్పింది.

“శనివారం ఆరు దాటింది. హాలు మూసినంక నేను, గేటు దగ్గర సమ్మయ్య. బొమ్మ అడుగున ఒక గీత ఉంటది, శిల్పి పెట్టిన గుర్తు. వ్యాసం కోసం దాన్ని కాగితం మీదికి ఎక్కించుకుందామని ఒక్కదాన్నే ఎత్తిన. ఎత్తగూడదు. ఇద్దరు లేకుండ ముట్టగూడదని రూలు రాసింది నేనే. చెయ్యి జారింది. మెడ దగ్గర విరిగింది. అప్పుడే కరెంటు కూడా పోయింది. చప్పుడుకు సమ్మయ్య ఉరికొచ్చిండు.”

“మీరేం చేసిన్రు?”

“రవ్వ కూడా రాలొద్దని పైట చింపి తలను మొండానికి కలిపి గట్టిగ కట్టిన. విరిగిన అంచులు ఒరుసుకుంటే తర్వాత అతకవు. అంతే, మళ్ళ దాని దిక్కు చూడలే. చూడబుద్ధి కాలే. రెండేండ్లు తిరిగి తెచ్చిన సామేలు గారూ. పరాయి దేశపోళ్ళు నమ్మి ఇచ్చిన్రు. సమ్మయ్య అన్నడు, ‘అమ్మా, నేను పుట్టుకతోని సున్నపు బొమ్మల మేస్త్రిని. గుళ్ళ గోపురాలకు బొమ్మలు పెట్టిన చేతులు. రెండు దినాలియ్యి’ అని. గోనెల చుట్టి సైకిల్ మీద ఇక్కడికే తెచ్చిండు. పెరట్ల బంకమట్టితోని అచ్చు తీసి, సున్నం, రాతిపొడి, ఇంత సిమెంటు కలిపి పోసిండు. కట్టు విప్పొద్దన్న, విప్పలే. మెడ చేతితోనే దిద్దిండు. సోమవారం సాయంత్రం నేనే తాళం తీసి పెట్టించిన. స్పెయిన్ ఆయనకు నేనే నిజం చెప్పాలె, మంచి మాటతోని చెప్పాలె, అప్పటిదాక నడిస్తె చాలనుకున్న. మంగళవారం రాములవ్వ చెప్పంగనే కాళ్ళ కింద భూమి కదిలింది. బుధవారం రాత్రి సమ్మయ్య నకలు తీసి పగలగొట్టి పారేసిండు. నాకు చెప్పకుంటనే. ‘పోయిందంటె ఎవరన్న తీసిన్రంటరు, విరిగిందంటె నిన్నంటరు’ అన్నడు పొద్దుగాల. వాన్నే పట్టుకపోతరని వాడనుకోలే, నేననుకోలే.”

“చెయ్యి జారింది అన్నరు. ఎట్ల జారింది?”

“ఎట్లంటే?”

“ముందుకా, వెనక్కా?”

ఆమె చేతులు తనకు తెలియకుండానే గాలిలో ఆ పని మళ్ళీ చేశాయి. “వెనక్కి. నిండు బిందె అనుకొని బలమంత పెట్టి ఎత్తితే ఖాళీ బిందె పైకి లేచినట్టు... వెనక్కి తూలిన.”

సామేలు కూర్చోబోయినవాడు ఆగిపోయాడు.

“జూలైల పెట్టె విప్పిన దినం ఎవరెత్తిన్రు?”

“నేను, ఇంకొకాయన. చేతులు పడిపోయినయి. లిస్టుల పద్దెనిమిది కిలోలని ఉన్నది.” అన్నాక ఆమె తన మాట తానే విన్నది. గాలిలో ఉన్న చేతులు కిందికి దిగాయి.

“ఎక్కడున్నది ఇప్పుడు?”

మంచం కింది ట్రంకు పెట్టె. పాత బొంతలో చుట్టిన మూట. సామేలు ఒంటి చేత్తో ఎత్తాడు. తొమ్మిది కిలోలుంటే ఎక్కువ. బొంత విప్పాడు. పాతకాలపు ఎండకు మాగిన రంగు, అరిగిన ముక్కు, రెండు చేతుల మధ్య గిన్నె. పైకి ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మెడకు చుట్టిన పైటపీలికల ముడి పంటితో లాగి విప్పి, తల పక్కకు తీశాడు.

విరిగిన చోట రాయి లేదు. సుద్దముక్క విరిచినట్టు తెల్లటి తెలుపు. ఆ తెలుపులోంచి గోధుమరంగు పోగులు బయటికి పొడుచుకొచ్చాయి. సామేలు ఒక పోగు లాగి ఆమె అరచేతిలో పెట్టాడు.

“ఏంది మేడం ఇది?”

పద్మావతి వేళ్ళ మధ్య నలిపి చూసింది. “కొబ్బరిపీచు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోని బొమ్మలు పోతపోసేవాళ్ళు చిట్లకుండ లోపల పెడతరు.”

“రెండువేల మూడువందల ఏండ్ల కింద స్పెయిన్ గుట్ట మీద కొబ్బరిచెట్లు ఉండెనా?”

ఆమె తల అడ్డంగా ఊపి, పోగు అట్లాగే పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది.

సామేలు తన తెలివిని తానే తిట్టుకున్నాడు. శుక్రవారం పసుపు పచ్చగా ఉంది కాబట్టి శుక్రవారం ఉన్నది రాయి అనుకున్నాడు. ఎర్రబడేది సున్నం. ప్లాస్టర్ ఎర్రబడదు, పచ్చగానే ఉంచుతుంది. మీరు విరగ్గొట్టింది నకలు, సమ్మయ్య చేసింది నకలుకు నకలు అని ఆమెకు చెప్పాల్సిన పని లేదు. ఆమె మొహమే చెబుతోంది. జూలైకీ పోయిన శనివారానికీ నడుమ ఏదో ఒక రోజు అసలు బొమ్మను ఎవడో ఎత్తుకుపోయాడు. తనకన్నా, సమ్మయ్యకన్నా, ఈ చదువుకున్నామెకన్నా నెమ్మది గలవాడు.

ముందు గదిలో ఫోన్ మోగింది. ఒకటీ ఇరవై. పద్మావతి లేచే స్థితిలో లేదు. సామేలు వెళ్ళి తీశాడు.

“అక్కడే ఉంటావనుకున్నా,” అన్నాడు కొండలరావు. గొంతులో ఎగతాళి లేదు. పని ముగించినవాడి అలసట ఉంది. “పటేలు సమాధానమిచ్చాడు. వాడు ఊళ్ళో అడుగుపెట్టలేదు. అది చెప్పగానే నోరు తెరిచాడు. మేం చెయ్యి కూడా వెయ్యలేదయ్యా, అబద్ధమెందుకు.”

“ఏమని తెరిచిండు?”

“ఆదివారం దొంగ తాళంచెవితో తీసి, అసలు బొమ్మ సికింద్రాబాద్‌లో పేరు తెలీని మనిషికి అమ్మేశాడట. సున్నంతో నకలు చేసి పెట్టాడట. అది బయటపడుతుందని బుధవారం తీసేశాడట. పద్మావతిగారికి ఏమీ తెలియదని మూడుసార్లు చెప్పాడు, మేం అడగకపోయినా. వేలిముద్ర వేశాడు. నువ్వు చెప్పిన లెక్కకి గీత తేడా లేదు. నీ పుణ్యమే ఇదంతా.”

సామేలు రిసీవర్ చెవికి పెట్టుకునే లోపలి గదిలోకి చూశాడు. సమ్మయ్య ధైర్యం అర్థమైంది. అసలు బొమ్మ అమ్మగారి మంచం కింద విరిగి పడి ఉందనే వాడి నమ్మకం. లేని దొంగతనం నెత్తినేసుకుంటే మహా అయితే కొన్నేళ్ళు జైలు, అమ్మగారి పరువు దక్కుతుంది. ఆ దొంగతనం నిజంగానే జరిగిందని వాడికి తెలియదు. ఎవడో చేసిన నేరానికి, అచ్చు సరిపోయేటట్టు, వాడు వేలిముద్ర వేసి ఇచ్చాడు.

వెనక అడుగుల చప్పుడు. పద్మావతి వచ్చి చెయ్యి చాపింది. “ఇటియ్యండి ఫోన్. నేను చెప్త. బొమ్మ నా దగ్గరున్నదని చెప్త.” అతను ఇచ్చేదాకా ఆగలేదు. లాక్కుంది. “ఇన్‌స్పెక్టర్ గారూ, నేను పద్మావతిని. సమ్మయ్య చెప్పింది...”

సామేలు ఫోన్ కొక్కెం మీద వేలు నొక్కాడు. లైను తెగింది.

“ఎందుకు తెంపిన్రు?” ఆమె అరిచింది. “మూడింటికి తీస్కపోతరు వాన్ని!”

“వచ్చి ఏం చూస్తరు మేడం? మీ మంచం కింద ప్లాస్టర్ బొమ్మ. మీ పెరట్ల సున్నం గాబు. మీ చేతుల తాళంచెవి. అసలుది అమ్ముకొని రెండు నకళ్ళు చేయించిందంటరు. ఒక్కని బదులు ఇద్దరు పోతరు లోపలికి. దొంగ మాత్రం హాయిగ బయట ఉంటడు.”

“మరి సమ్మయ్య?”

“వాని వేలిముద్ర అబద్ధమని చెప్పాలంటె అసలు బొమ్మ కావాలె. అప్పటిదాక వాడే దొంగ.”

ఫోన్ మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. ఇద్దరూ దాని వైపు చూశారు గానీ ఎవరూ ముట్టుకోలేదు. సామేలు చొక్కా జేబులోంచి నోటుబుక్కు, పెన్సిలు తీసి, మంచం ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“జూలైల పెట్టె విప్పిన దినం నుంచి మొన్న శనివారం దాక, ఆ హాల్ల ఒంటరిగ ఉండే సందు ఎవలెవలకు దొరికిందో ఒక్కొక్కరిని యాది చేసుకోండ్రి. ఇంకొకాయన ఎత్తిండన్నరు గద, ఆయన్ని మర్చిపోకుండ్రి.” పెన్సిలు మొన నాలుకకు తగిలించుకుని మొదటి గీత గీశాడు. “ముందుగాల మీ పేరు రాస్తున్న. కోపం చేయకుండ్రి.”